అత్తయ్యగారి గదిలో పదహారు డిగ్రీలు

గోపన్‌పల్లి,
22 నవంబరు 2009

ప్రియమైన వీరేశానికి,

జయంతి పదకొండో రోజున నువ్వూ భాగ్యమ్మగారూ వచ్చి వెళ్లారు. ఆ రోజు మీతో నాలుగు మాటలు కూడా మాట్లాడలేకపోయాను. మూడు నెలలు కావస్తోంది. ఇప్పుడు కూడా ఆ సంగతి రాయడానికి కూర్చోలేదు. ఒక సలహా కావాలి. ఫోన్ చేద్దామంటే నీ చెవి మిషన్ ఈల వేస్తుంది. అందుకే కాగితం.

చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచడం ఎలా? నవ్వకు.

రెండేళ్ల కిందట మామగారు పోయాక అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చారని నీకు తెలుసు. జయంతి పోయాక కూడా ఇక్కడే ఉన్నారు. ఆవిడ గది ఉత్తరం వైపు, మూడో అంతస్తు. కిటికీ బయట ఇంకా అపార్ట్‌మెంట్లు లేవలేదు. బండరాళ్లు, తుమ్మచెట్లు, ఆ పైన యూనివర్సిటీ గోడ. గాలికి అడ్డేమీ లేదు. ఆ రాళ్లు చూసే జయంతి ఈ ఫ్లాట్ కొనమంది. పొద్దున ఆరింటికి ఆ గదిలో పదహారు డిగ్రీలు. డిసెంబరు ఇంకా రాలేదు.

కిందటి చలికాలం ఆవిడకు నిమోనియా చేసి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. అప్పుడు జయంతి చూసుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ల ఊపిరితిత్తులు, మళ్లీ చలి పట్టిందంటే తట్టుకోలేవని డాక్టరు మొన్న చెప్పాడు. గుంటూరు నుంచి బావమరిది శేషగిరి ఫోన్ చేశాడు. "ఇక్కడ చలేముంది బావగారూ, ఫ్యాను వేసుకునే పడుకుంటున్నాం. అమ్మకి దగ్గు మొదలైందంటే నేనొచ్చి తీసుకెళ్లిపోతాను" అన్నాడు. న్యాయమైన మాటే. కొడుకు.

కానీ ఆవిడ వెళ్లిపోతే ఈ ఇంట్లో చప్పుడు ఉండదు. మాకు పిల్లలు లేరు. పొద్దున ఆవిడ వంటింటి గట్టు మీద గిన్నె పెడతారు. ముందు అంచు ఆనించి, తర్వాత మెల్లగా దించుతారు. జయంతి కూడా అలాగే పెట్టేది. తల్లి దగ్గర నేర్చుకుందని నాకు ఇప్పుడు తెలిసింది.

మీ ఆదిలాబాద్ చలి ముందు మాది ఒక చలి కాదు. ఏం చేయాలో రాయి.

నీ
పానకాలరావు

*

ఆదిలాబాద్,
29 నవంబరు 2009

ప్రియమైన దోస్తు పానకాలుకు,

నవ్వొద్దన్నావు గానీ నవ్వాను. ముప్పై ఏళ్లు వాతావరణ కేంద్రంలో ఇద్దరం పక్కపక్కన నిలబడి థర్మామీటర్లు చూశాం. ఇవాళ చలి ఎంతో లోకానికంతా చెప్పాం. ఆ చలికి ఏం చేయాలో ఒక్కరికీ చెప్పలేదు. రిటైరై మూడేళ్లయినంక నన్ను అడుగుతున్నావు.

మొదలు గాలిని ఆపు. వేడి చేయడం తర్వాత సంగతి. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కు. తలుపు కింద గోనెసంచి చుట్టి పెట్టు. గచ్చు మీద చాప, చాప మీద జంపఖానా. పడుకునే ముందు కాళ్ల దగ్గర వేడినీళ్ల రబ్బరు సంచి. ఇవన్నీ అయ్యాక కుంపటి. బొగ్గులు బయటే రాజేసి, పొగ పూర్తిగా పోయి ఎర్రబడ్డాకనే లోపలికి తేవాలి. కిటికీ బెత్తెడు తెరిచి ఉంచాలి. పడుకునే ముందు తప్పకుండా బయట పెట్టాలి. బొగ్గు గాలి కంటికి కనపడదు, మనిషిని తీసుకుపోతుంది.

కుంపటి అంటే యాదికొచ్చింది. డెబ్బై ఏడు డిసెంబరు, నీ పెళ్లయిన కొత్త. జయంతమ్మ మంగళగిరి నుంచి కాపురానికి వచ్చింది. స్వెట్టర్ ఎట్లుంటదో కూడా చూడలేదు. నీ శాలువా, నీ కోటు, పైన దుప్పటి కప్పుకొని మా క్వార్టర్‌కు వచ్చి, "అక్కా, మీ ఊళ్లో సూర్యుడిక్కూడా చలేనా?" అని అడిగింది. భాగ్య కుంపటి పెట్టడం నేర్పింది. మరుసటి రోజే మీ నులక మంచం కింద పెట్టి పట్టె కాల్చుకుంది. నువ్వు డ్యూటీ నుంచి వచ్చేలోగా నేనూ మన ఆఫీసు అటెండరు నారాయణప్పా ఆ పట్టె మార్చాం. చెదలు పట్టిందని నీకు చెప్పాం. ఎవరితోనూ చెప్పొద్దని జయంతమ్మ మాట తీసుకుంది. ఇన్నేళ్లు చెప్పలేదు. ఇప్పుడు చెప్పొచ్చనుకుంటా.

తెలంగాణ కోసం ఇక్కడ ఊరంతా రోడ్డు మీదే ఉంది. కలెక్టరేట్ ముందర పెన్షనర్ల టెంటు వేశాం. పది నుంచి అయిదు దాకా నేను రిలే దీక్షలో ఉంటున్నా. భాగ్యకు దాని మీద నమ్మకం కుదరలేదు. "పొద్దుగాల తిని పోతవు, మాపటికి వచ్చి తింటవు. గిదేం దీక్ష?" అంటుంది.

బందులు నడుస్తున్నాయి. ఉత్తరం ఆలస్యమైతే ఫికర్ చేయకు.

నీ
వీరేశం

*

గోపన్‌పల్లి,
10 డిసెంబరు 2009

ప్రియమైన వీరేశానికి,

మంచం పట్టె సంగతి చదివాను. మళ్లీ చదివాను. ఇలాంటివి ఇంకా ఉంటే రాయి.

ఇక పని. నువ్వు చెప్పిన వరసలోనే చేశాను. సందులు మూశాక గది పదిహేడున్నరకు వచ్చింది. తర్వాత కుంపటి. మా వాచ్‌మన్ సాయిలు తెచ్చాడు. మెదక్ జిల్లా మనిషి, మనకంటే నాలుగైదేళ్లు చిన్న. బొగ్గులు డాబా మీద రాజేసి ఎర్రబడ్డాకే దించాడు. అయినా అత్తయ్యగారికి ఊపిరాడలేదు. పది నిమిషాల్లో బయట పెట్టించాను. కింది ఫ్లాట్‌లోని సాఫ్ట్‌వేర్ పిల్లలు పైకొచ్చి ఏం కాలుతోందని అడిగారు. కుంపటి చూసి ఫోటో తీసుకున్నారు.

మూసాపేట వెళ్లి కరెంటు హీటరు కొన్నాను. ఎర్రగా కాలే తీగలది. దానికి పెద్ద ప్లగ్గు కావాలి. ఆవిడ గదిలో లేదు. ఏసీ కోసమని బిల్డరు హాల్లో ఒకటి పెట్టాడు. కాబట్టి హీటరు హాల్లో పెట్టి, ఆవిడ కుర్చీ పక్కన వేశాను. ఎలా పనిచేస్తుందో చూడాలని నేనూ ఎదురుగా పేపరు పట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ గుమ్మం దాకా వచ్చారు. హీటరు వైపు చూశారు. వెనక్కి తిరిగి, వంటింటి వెనకాల గిన్నెలు తోమే చోటికి వెళ్లి పీట మీద కూర్చున్నారు. అక్కడ ఇనప గ్రిల్ తప్ప గోడ లేదు. "లోపల వెచ్చగా ఉంది, రండి" అని కేక వేశాను. జవాబు లేదు. నాలుగు రోజులుగా ఇదే వరస. కాలే తీగల వాసన పడటం లేదేమో. నీ అభిప్రాయం రాయి.

ఇవాళ పొద్దున సాయిలు లడ్డూలు తెచ్చాడు. ఢిల్లీ ప్రకటన సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. "మీరు ఆంధ్రోళ్లని ఇయ్యకుంట ఎట్ల పోత సారు? జర నోరు తీపి చేసుకోండ్రి" అన్నాడు. తీసుకున్నాను. అత్తయ్యగారు కూడా సగం తిన్నారు. నీకు శుభాకాంక్షలు. మనస్ఫూర్తిగానే రాస్తున్నాను.

నీ
పానకాలరావు

*

ఆదిలాబాద్,
17 డిసెంబరు 2009

ప్రియమైన పానకాలుకు,

నీ శుభాకాంక్షలు టెంటులో అందరికీ చదివి వినిపించాను. చప్పట్లు కొట్టారు. ఇది నీకు తెలియాలి.

హీటరు సంగతి. అది వాసన కాదు, పొడిదనం. తీగల హీటరు గాలిలో తేమ పీల్చేసినట్టు అనిపిస్తుంది, గొంతు ఆరుతుంది. మనిద్దరం తేమ కొలిచినవాళ్లమే, మరిచిపోయావా? అది వాపసు ఇచ్చి నూనె నింపిన హీటరు తీసుకో. మెల్లగా వేడెక్కుతుంది గానీ నెమ్మదైన వేడి. పక్కన తాంబాళంలో నీళ్లు పెట్టు. అప్పటికీ హాలు నచ్చకపోతే వంటిల్లు చూడు. చిన్న గది, పొయ్యి వేడి కూడా కలుస్తుంది.

ఇంకొక మాట. ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టకు. కూతురు పోయిన మనిషి. పక్కన తోడు లేకపోతే ఎంత వెచ్చగా ఉన్నా వణుకు పోదు. నువ్వు దగ్గరే కూర్చో, లేవకు.

ఇది ఎన్నడూ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నా. రాష్ట్రం గురించి నీ మనసులో ఏముంది? మీ దిక్కు అపార్ట్‌మెంట్లలో ఏదేదో అనుకుంటున్నారట. నిన్ను పొమ్మనే హక్కు ఎవరికీ లేదు, నాతో సహా. కానీ నువ్వు ఏమనుకుంటున్నావో నాకు తెలియాలి.

నీ
వీరేశం

*

గోపన్‌పల్లి,
23 డిసెంబరు 2009

ప్రియమైన వీరేశానికి,

నూనె హీటరు తెచ్చాను. తాంబాళంలో నీళ్లు పెట్టాను. ఇవాళ పొద్దున ఏడింటి లెక్క: హాలు ఇరవై మూడున్నర, ఆవిడ గది పదహారు, గిన్నెలు తోమే చోటు పదమూడు. ఆవిడ కూర్చున్నది పదమూడులో.

వంటిల్లు కూడా ప్రయత్నించాను. నువ్వన్నట్టే తోడుగా ఉందామని కుర్చీ తీసుకెళ్లి అక్కడ కూర్చున్నాను. ఆవిడ కూర తరుగుతున్నారు. కత్తిపీట పక్కకు జరిపి, తరిగిన వంకాయలు పళ్లెంలో పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయారు. నేను వెనకే వెళ్లాను. "ఈ ఇంట్లో మీకు పడనిది ఏమిటో చెప్పండి, అది తీసేస్తాను" అన్నాను. గొంతు పెరిగింది. జయంతి మీద కూడా ఎప్పుడూ అలా అరవలేదు. ఆవిడ కొంగు తల మీదికి లాక్కుని తలుపు చాటుకు జరిగారు. 

మొన్నటి నుంచి దగ్గు. డాక్టరు మందు మార్చాడు. ఛాతీలోకి దిగలేదు, దిగకుండా చూడమన్నాడు. శేషగిరికి చెప్పక తప్పలేదు. ఇరవై ఆరున వస్తానన్నాడు, తిరుగు టిక్కెట్లు రెండు తీసుకుంటానన్నాడు. సరే అన్నాను. నా చేతకాలేదు కాబట్టి సరే అన్నాను.

రాష్ట్రం గురించి అడిగావు. జయంతి లేని ఇల్లు ఏ రాష్ట్రంలో ఉంటే ఏమిటని అనిపిస్తుంది. నీకు ఈ జవాబు చాలదని తెలుసు. ఇప్పుడు ఇంతే ఉంది.

రాష్ట్రం ఇప్పుడే కాదన్నట్టు టీవీలో ఢిల్లీ నుంచి మరో మాట చెబుతున్నారు. నీకు కష్టంగా ఉంటుంది. సాయిలు గేటు దగ్గర నిలబడి ఎవరితోనూ మాట్లాడటం లేదు. రేపటి నుంచి బందట. ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో.

నీ
పానకాలరావు

*

ఆదిలాబాద్,
5 జనవరి 2010

ప్రియమైన పానకాలుకు,

నీ ఇరవై మూడో తారీఖు ఉత్తరం నిన్న చేరింది. నువ్వు నా ప్రశ్నకు కోపం వచ్చి రాయడం మానేశావనుకున్నా. పది రోజులు టెంటులో ఉన్నా మనసు అక్కడ లేదు. నీ జవాబు చాలు. ఇంకా అడగను.

అత్తమ్మ గుంటూరు వెళ్లిపోయిందో, ఉన్నదో తెలియక రాస్తున్నా. ఉన్నదనుకొనే రాస్తున్నా. ఆ రోజుల్లో బస్సులు కదలలేదు, రైళ్లు ఆగినయ్, నీ బావమరిది వచ్చి ఉండడు. బందుకు నేనూ ఒక చెయ్యి వేశా. ఉద్యమం వల్ల ఆంధ్రావాడికి లాభం జరిగితే ఆ మొదటి కేసు నీదే.

అసలు సంగతి ఇది. నీ ఉత్తరం భాగ్యకు చదివి వినిపించాను. పిండి చేతులతో వచ్చి నిలబడ్డది.

"మల్ల సదువు" అన్నది. చదివాను.

"ఆయన ఏడ కూసున్నడు?"

"హీటర్ ముందర."

"వంటింట్ల?"

"అక్కడ కూడా కుర్చీ వేసుకున్నాడు. ఆమెను ఒక్కదాన్నే ఉంచొద్దని నేనే రాసిన."

"నువ్వే రాసినవా? మస్తు రాసినవు తియ్యి. ముప్పై ఏండ్లు సలి ఎంతున్నదో సూసిన్రు గని, సలిల ఎవరున్నరో సూడలే ఇద్దరు మొగోళ్లు. అల్లుడు కూసున్న తాన అత్త కూసుంటదా? ఆమెకు హీటరు పడకనా? ఆయనకు జాగ ఇడిసి పోతున్నది. ఆయన యాడికి పోతే ఆమె ఆడికెల్లి ఎల్లిపోతది. మీరిద్దరు కలిసి ముసలామెను ఇల్లంత తిప్పి ఆకరికి బయట కూసోబెట్టిన్రు."

అప్పుడు చెప్పింది, ఎనభై మూడులో మీ అత్తమ్మ మీ క్వార్టర్‌లో నెల రోజులు ఉన్నదట. నీ డ్యూటీ అయిపోయే వేళకు రోజూ మా ఇంటికి వచ్చి పొయ్యి కాడ కూర్చునేది. అల్లుడు తిని పడుకున్నాడని జయంతమ్మ వచ్చి చెప్పినంకనే లేచేది. నాకూ యాదికుంది. భాగ్యతో దోస్తీ అనుకున్నా.

మా ఇండ్లల్లో అత్త అల్లునితో మాట్లాడుతుంది, తిట్టేది కూడా ఉంటుంది. మీ అత్తమ్మ పట్టింపు ఇంత గట్టిదని నేను ఎరగను. నీకు ఎరుకే కావాలి గానీ, నడుమ ఎప్పుడూ జయంతమ్మ ఉండె, నీకు దాని పని పడలేదు.

భాగ్య చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా: "పరదా కట్టమను. ఒక దిక్కు ఆమె, ఒక దిక్కు ఆయన. హీటరు ఆమె దిక్కు. పలుచటి బట్ట కాదు, మందంది కట్టమను. అల్లుని కండ్లూ ఆగుతయ్, గాలీ ఆగుతది."

ఆలస్యం చేయకు.

నీ
వీరేశం

*

గోపన్‌పల్లి,
24 జనవరి 2010

ప్రియమైన వీరేశానికి,

నీ ఉత్తరం తొమ్మిదో తారీఖున అందింది. అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. శేషగిరి టిక్కెట్లు రద్దయ్యాయి. నీ బందుకు కృతజ్ఞతలు, రాసి పెట్టుకో.

భాగ్యమ్మగారు అన్నది నిజం. ముప్పై రెండేళ్లలో అత్తయ్యగారు నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. నేను రెండు బారల దూరంలో ఉన్నా, "గోంగూరలో ఉప్పు సరిపోయిందో లేదో అడగవే" అని జయంతితో అనేవారు. జయంతి నా వైపు తిరిగి, "విన్నారుగా?" అనేది. "సరిపోయిందని చెప్పు" అనేవాణ్ణి. అది మా ఇంటి సరదా అనుకున్నాను. జయంతి చేసే పని అనుకోలేదు. ఆమె పోయాక ఆ పని ఆగిపోయింది, నేను గమనించలేదు. అయిదు నెలలుగా ఒక మనిషి నా ఇంట్లో గదిలోంచి గదిలోకి తప్పుకుంటూ తిరుగుతుంటే నేను ఉష్ణోగ్రత రాసుకున్నాను.

సాయిలును అడిగాను, మందమైన తెర ఏం దొరుకుతుందని. "మా తమ్ముడు గొర్లు కాస్తడు సారు, గొంగళ్లు తెప్పిస్త. బట్ట పరదా ఏం ఆపుతది?" అన్నాడు. మూడో రోజుకు నాలుగు నల్ల గొంగళ్లు వచ్చాయి. అతని భార్య అంజమ్మ అంచులకు రింగులు కుట్టింది. హాలు మధ్య తీగ కట్టి వేలాడదీశాం. హీటరు, ఆవిడ కుర్చీ కిటికీ వైపు. నా కుర్చీ గుమ్మం వైపు. ఆఖరి గొంగడి తగిలించి నేను మెట్ల మీదికి వెళ్లి నిలబడ్డాను. పావుగంటకు వచ్చేసరికి తెర వెనక దగ్గు వినిపించింది. కూర్చున్నారు.

ఆవిడ వైపు ఇరవై అయిదు, నా వైపు ఇరవై. హాలు సగమైంది కాబట్టి హీటరుకు పని తగ్గింది. ఉన్ని వేడిని దాటనివ్వదు. పుస్తకాల్లో చదివిందే. ఎవరి కోసం చేయాలో తెలిశాక పనికొచ్చింది.

రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు పేపరు చదువుతుంటే లోపల్నుంచి, "పైకి చదివితే రెండు చెవులకు పనుంటుంది" అన్నారు. ఎవరితోనూ అనలేదు, గాలితో అన్నారు. పైకి చదివాను. అప్పటి నుంచి రోజూ చదువుతున్నాను. మీ వార్తలే ఎక్కువ. మీ టెంటు గురించి కూడా ఒక రోజు చిన్న ముక్క వచ్చింది. "ఆ వీరేశంగారు భోజనం చేసే వెళ్తారటగా" అన్నారు. జయంతికి వినిపించిన అలవాటు కొద్దీ నీ ఉత్తరాలు ఇప్పటికీ పైకే చదువుకుంటాను. ఆవిడ గదిలోంచి వింటూనే ఉన్నారన్నమాట.

చదవడం అయ్యాక ఆవిడ ఏదో ఒకటి చెబుతారు. మా పెళ్లి సంబంధం ఖాయమయ్యాక నా పోస్టింగు ఆదిలాబాద్ అని తెలిసి మామగారు వద్దనుకున్నారట. జయంతి తమ్ముడి స్కూలు అట్లాసు తీసి, మంగళగిరి మీద ఒక వేలు, ఆదిలాబాద్ మీద ఒక వేలు పెట్టి, "చూడండి నాన్నగారూ, జానెడు కూడా లేదు" అందట. ఈ సంగతి నాకు తెలియదు. ఇంత కాపురంలో ఒక్కసారి చెప్పలేదు. రోజుకొకటి ఇలా వస్తోంది. నేను తెర ఇవతల వింటాను. నా ముఖం ఎవరూ చూడరు. అదీ మంచిదే.

దగ్గు పది రోజుల్లో తగ్గింది. ఛాతీ శుభ్రంగా ఉందని డాక్టరు చెప్పాడు. 

మొన్న శుక్రవారం శేషగిరి వచ్చాడు. బందులు సద్దుమణిగాయని చెప్పకుండా బయల్దేరాడు. హాల్లో అడుగు పెట్టి ఆగిపోయాడు.

"ఇదేంటి బావగారూ, గొర్రెల దొడ్డి కట్టారు?"

"వెచ్చగా ఉంటుంది" అన్నాను.

తెర పక్కకు తీసి తల్లి కాళ్లకు దండం పెట్టాడు. బ్యాగు సర్దుకోమన్నాడు. తనకు దగ్గు తగ్గిందని ఆవిడ అన్నారు. తగ్గినా మళ్లీ రాదా అన్నాడు. ఇక్కడ గొడవలన్నాడు. చివరికి గొంతు తగ్గించి అన్నాడు, నాకు వినపడకూడదనే అన్నాడు.

"అక్కే లేకపోయాక అల్లుడింట్లో ఎన్నాళ్లుంటావమ్మా? ఎవరి కోసం? ఆయనకి మాత్రం మొహమాటం కాదూ?"

అతను అన్నదాంట్లో తప్పు లేదు. ఉండమని నేను ఏనాడూ ఆవిడతో అనలేదు. అనడానికి మధ్యలో మనిషి లేదు. అప్పుడు కూడా నోరు తెరవలేకపోయాను. తీసుకెళ్లడం కొడుకు హక్కు. నాకున్న హక్కు ఏమిటో ఎంత వెతికినా దొరకలేదు.

కుర్చీ చప్పుడైంది. గొంగడి అంచు పట్టుకుని ఆవిడ బయటికి వచ్చారు. నాకు ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీలో కూర్చున్నారు. నేను లేవబోయాను. చేత్తో వద్దన్నారు. కొంగు తల మీద ఉంది. ఇన్నేళ్లలో ఆవిడ ముఖం ఇంత దగ్గరగా చూడలేదు. జయంతి బతికి ముసలిదైతే ఎలా ఉండేదో చూశాను.

"బాబూ, నన్ను ఉండమంటారా?" అన్నారు.

"ఉండండి అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ లేచి, కొంగు సర్దుకుని, తెర వెనకగా వంటింట్లోకి వెళుతూ కొడుకుతో అన్నారు:

"శేషూ, కాఫీ కలుపుతాను. మీ బావగారికి చక్కెర ఎంత వేయాలో అడుగు."

శేషగిరి నన్ను అడిగాడు. ఒక చెంచా అని చెప్పాను. అతను లోపలికి చెప్పాడు.

భాగ్యమ్మగారికి నా నమస్కారాలు.

నీ
పానకాలరావు